అల తెలిసిన చేతులు

తీరం మాట – పినాకిని

2018 నవంబరు 16 నుంచి 18 దాకా విజయవాడలో కృష్ణ ఒడ్డు జనంతో కిటకిటలాడింది. ప్రకాశం బ్యారేజీకి ఎగువన నిలిచిన నీళ్ళలో ఎఫ్1హెచ్2ఓ ప్రపంచ పవర్‌బోట్ పోటీల ఒక అంచె జరిగింది. అమరావతి పేరుతో ఒక జట్టు కూడా బరిలోకి దిగింది. దాని పడవలు నడిపినవాళ్ళు యోనాస్ ఆండర్సన్, ఎరిక్ ఎడిన్. ఇద్దరూ స్వీడన్ దేశస్థులే. ఆ ఏడాది ప్రపంచ టైటిల్ అబుదాబి జట్టు తరఫున ఆడిన అమెరికన్ షాన్ టొరెంటేకి దక్కింది. ఆండర్సన్ మూడేళ్ళ తర్వాత, 2021లో, తనూ ప్రపంచ విజేత అయ్యాడు. అప్పుడు అతను ఆడింది స్వీడన్ జట్టుకు.

పందెం మళ్ళీ మన నదికి రాలేదు.

ఆ మూడు రోజులు వృథా అనడం న్యాయం కాదు. పిల్లలు కేరింతలు కొట్టారు, పవర్‌బోట్ పందెమంటే ఏమిటో తెలుగు నేల మొదటిసారి కళ్ళారా చూసింది. కానీ పడవ మీద పేరు మనది, స్టీరింగ్ మీద చెయ్యి మనది కాదు. ఆ చెయ్యిని తయారుచేసే పని అంతకుముందు మొదలుకాలేదు, ఆ తర్వాతా మొదలుకాలేదు. నెల్లూరు తీరం గురించి ఆలోచించే ఎవరికైనా ఈ సంగతి గట్టిగా తగలాలి. ఎందుకంటే ఆ చేతులు ఇక్కడ ఉన్నాయి.

నది మీద పందెం వేరు, సముద్రం మీద పందెం వేరు. ఎఫ్1హెచ్2ఓ నిలకడ నీళ్ళ మీద ఒంటరి డ్రైవరు ఆడే ఆట. ఆఫ్‌షోర్ పందెంలో పడవ పెద్దది, నీళ్ళు మాట వినవు, లోపల మామూలుగా ఇద్దరుంటారు. ఈ ఆటకు ఇప్పుడున్న రూపం 1956లో మయామీ నుంచి బహామాస్‌లోని నసావుకు పెట్టిన పందెంతో మొదలైంది. 1960లో అదే దారిలో పెద్ద అలల మధ్య డిక్ బెర్ట్రామ్ పడవ ‘మాపీ’ సుమారు 8 గంటల్లో గమ్యం చేరి అందర్నీ నోరు తెరిపించింది. అందులో రహస్యం ఇంజన్ కాదు, అడుగు. రే హంట్ అనే రూపశిల్పి ముక్కు నుంచి తోక దాకా లోతైన వీ ఆకారంలో దాన్ని దిద్దాడు. చదును అడుగు అల మీద చరుచుకుంటుంది, వీ అడుగు అలను కోసుకుంటూ పోతుంది. మన తీరంలో ఫైబర్ బోటు ఇసక మీదికి లాక్కోవాలి కాబట్టి దాని అడుగు చదునుగా ఉండక తప్పదు. ఏ నీటికి ఏ అడుగు కావాలో ఆ నీటిలో బతికేవాడికి ఎక్కడైనా తెలుస్తుంది. 1961లో ఇంగ్లండ్‌లో కౌస్–టార్కే పందెం మొదలయ్యాక ఈ ఆట యూరప్‌లోనూ పాతుకుపోయింది.

ఇందులో ఒక విజేత జీవితం ఎలా సాగుతుందో చూడాలంటే స్టీవ్ కర్టిస్‌ను చూడాలి. ఇంగ్లండ్ మనిషి. తండ్రి క్లైవ్ కర్టిస్ కూగర్ మెరైన్ అనే పడవల సంస్థను నిలబెట్టినవాళ్ళలో ఒకడు. రెండు పొట్టల కాటమరాన్ పడవలను సముద్ర పందేల్లో గెలుపు పడవలుగా మార్చిన సంస్థ అది. స్టీవ్ పడవలు కట్టే చోటే పెరిగాడు. 1985లో మొదటి ప్రపంచ టైటిల్ గెలిచేనాటికి అతనికి 21 ఏళ్ళు. 1987లో మళ్ళీ గెలిచాడు. తర్వాత పదేళ్ళకు పైగా ప్రపంచ టైటిల్ లేదు. 1998లో నార్వే వ్యాపారి బ్యోర్న్ రూనే యెల్‌స్టెన్‌తో జతకట్టి మళ్ళీ పైకొచ్చాడు. ‘స్పిరిట్ ఆఫ్ నార్వే’ పడవలో ఆ ఇద్దరూ 2002, 2003, 2004 సంవత్సరాల్లో వరసగా గెలిచారు. 2006 నాటికి కర్టిస్ ప్రపంచ టైటిళ్ళు ఎనిమిదికి చేరాయి. అతని వారసత్వంలో డబ్బు కంటే పడవ ఎక్కువ, పడవ కంటే నీటి గురించిన తెలివి ఎక్కువ.

యెల్‌స్టెన్ పక్కన కూచున్న కర్టిస్ స్టీరింగ్ పట్టుకోలేదు. అతను థ్రాటిల్‌మ్యాన్. పడవ ఎటు పోవాలో డ్రైవరు చూస్తాడు. ఎంత వేగంతో పోవాలో, ఏ క్షణాన వేగం తగ్గాలో థ్రాటిల్‌మ్యాన్ చూస్తాడు. ఆఫ్‌షోర్ పందేల క్లాస్ వన్ తరగతి పడవల్లో ఒక దశలో 8.2 లీటర్ల లంబోర్గినీ ఇంజన్లు రెండేసి ఉండేవి. దాదాపు 5 టన్నుల పడవ గంటకు 200 కిలోమీటర్లు దాటిన వేగంతో అల కొనమీద నుంచి గాలిలోకి లేస్తుంది. అప్పుడు ప్రొపెల్లర్‌కు నీళ్ళ పట్టు ఉండదు. ఇంజన్ ఒక్కసారిగా ఆపలేని వేగంతో తిరిగిపోతుంది. అదే ఊపులో పడవ నీళ్ళ మీద పడితే గేర్లు, షాఫ్టు ముక్కలవుతాయి. అందుకే పడవ లేచిన మరుక్షణం వేగం తగ్గించాలి, దిగే క్షణానికి మళ్ళీ సరిగ్గా అందించాలి. తలలో లెక్కలు కట్టుకునేంత వ్యవధి ఉండదు. చెయ్యి ముందే తెలుసుకోవాలి.

ఈ పని నెల్లూరు తీరంలో రోజూ తెల్లవారుజామున జరుగుతుంది. మైపాడు, ఇసకపల్లి, తుమ్మలపెంట లాంటి ఊళ్ళ మత్స్యకారులు 9, 10 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ ఇంజన్ బిగించిన ఫైబర్ బోటును ఒడ్డున విరిగే అలల్లోంచి బయటికి తీసుకుపోతారు. పెద్ద అలలు వరసగా వచ్చిపోయేదాకా ఆగుతారు. సందు దొరకగానే దూకుతారు. ఇంజన్ దగ్గర కూచున్నవాడు అల ఎదురైనప్పుడు వేగం తగ్గిస్తాడు, కొన దాటగానే పెంచుతాడు. తిరిగొచ్చేటప్పుడు పని ఇంకా కష్టం. వెనకనుంచి తరిమే అలతో సమానంగా పరుగెత్తాలి, నేల తగిలే ముందు ఇంజన్ పైకెత్తాలి. ఒక్క లెక్క తప్పితే బోటు అడ్డం తిరిగి బోల్తా పడుతుంది. వలలు పోతాయి, ఒక్కోసారి ప్రాణాలు పోతాయి. పట్టపు మత్స్యకార కుటుంబాల్లో ఈ చదువు తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. దానికి ఏ బోర్డూ పరీక్ష పెట్టదు, ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వరు.

వేగమంటే ఈ తీరానికి చేదు అనుభవం కూడా. తమిళనాడు కడలూరు వైపు నుంచి ఎక్కువ హార్స్‌పవర్ ఇంజన్లతో వచ్చే సోనాబోట్లు మన ఒడ్డుకు దగ్గరగా వేట చేసి, వలలు తెంపి, పట్టుకోబోయేలోపు మాయమవుతున్నాయని ఇక్కడి మత్స్యకారులు ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు. చిన్న ఇంజన్‌తో పెద్ద ఇంజన్‌ను తరమలేకపోవడం ఎలా ఉంటుందో వాళ్ళకు తెలుసు. ఈ గొడవకు పందెం పరిష్కారం కాదు, గట్టి నిఘా కావాలి. ఆ నిఘా చేసే కోస్ట్‌గార్డ్ కృష్ణపట్నంలో ఉంది, మెరైన్ పోలీసులు తీరం వెంట ఉన్నారు. వాళ్ళ వేగపు పడవలకు అల తెలిసిన చేతులే కావాలి.

ఆఫ్‌షోర్ పందెం బలమైన మగవాళ్ళ ఆట, మామూలు మనుషులకు అందదు అనుకోనక్కర్లేదు. కాలిఫోర్నియాకు చెందిన బెట్టీ కుక్ ఎంఐటీలో చదువుకుంది, పిల్లల్ని పెంచింది, నడివయసులో పందెం పడవ ఎక్కింది. 1977లో, యాభై ఏళ్ళు దాటాక, ఆఫ్‌షోర్ ప్రపంచ టైటిల్ గెలిచింది. ఆ టైటిల్ గెలిచిన మొదటి మహిళ ఆమే. 1979లో మళ్ళీ గెలిచింది. ఆమెకు పడవ కొనగల స్తోమత ఉంది, నిజమే. కానీ స్తోమత ఉన్నవాళ్ళు ఆ రోజుల్లో ఎందరో ఉన్నారు. రెండుసార్లు గెలిచింది ఆమె.

ఈ ఆటలో చావు ఉందన్న మాట దాచకూడదు. ఫెరారీకి కార్లు నడిపిన ఫ్రెంచి వీరుడు దిదియే పిరోనీ 1987 ఆగస్టు 23న ఇంగ్లండ్‌లోని ఐల్ ఆఫ్ వైట్ దగ్గర, ఒక చమురు ఓడ వెనక లేచిన అలను దాటబోయి, తన ఇద్దరు సహచరులతోపాటు చనిపోయాడు. 1989 ప్రపంచ విజేత స్టెఫానో కాసిరాగీ ఆ టైటిల్ నిలబెట్టుకునే పోటీలోనే, 1990 అక్టోబరు 3న, మొనాకో దగ్గరి సముద్రంలో కన్నుమూశాడు. వయసు 30. ఆ చావుల తర్వాతే బెల్టులు, విమానాల్లో ఉండేలాంటి మూసిన కాక్‌పిట్లు తప్పనిసరి అయ్యాయి. మన ఫైబర్ బోటు ఎక్కే కుర్రాళ్ళలో ఇప్పటికీ లైఫ్‌జాకెట్ వేసుకునేవాళ్ళు తక్కువ. క్రీడ వస్తే దానితోపాటు వచ్చే మొదటి పాఠం భద్రతే కావాలి. అదొక్కటి వచ్చినా ఈ తీరానికి మేలు.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? ముంబైలో 2017 మార్చిలో మెరైన్ డ్రైవ్ దగ్గర పీ1 పవర్‌బోట్ పోటీలు పెట్టినప్పుడు భారతీయుల తరఫున మోటార్‌సైకిల్ రేసర్ సి.ఎస్. సంతోష్‌ను, ర్యాలీ డ్రైవర్ గౌరవ్ గిల్‌ను పడవ ఎక్కించారు. ఇద్దరూ గొప్ప క్రీడాకారులే. అయినా నేల మీద పేరు తెచ్చుకున్నవాళ్ళను నీళ్ళలోకి దింపడం పైనుంచి మొదలుపెట్టడం. కింది నుంచి మొదలుపెట్టి చూపించింది సముద్రమే లేని హైదరాబాద్. అక్కడి యాట్ క్లబ్‌లో సుహేమ్ షేక్ రసూల్‌పుర బస్తీ బడి పిల్లల్ని హుస్సేన్‌సాగర్‌కు తీసుకెళ్ళి తెరచాప పడవలు నేర్పించారు. ప్రీతి కొంగర లాంటి సెయిలర్లు అక్కడి నుంచే జాతీయ స్థాయికి ఎదిగారు. ఊరి మధ్య చెరువులో ఆ పని జరిగినప్పుడు, పులికాట్ సరస్సు, బకింగ్‌హాం కాలువ, పెన్న కలిసే చోటు, ఎదురుగా బంగాళాఖాతం ఉన్న ప్రాంతం నుంచి ఒక్క జాతీయ జట్టుకైనా పిల్లలు పోకపోవడానికి చెప్పుకోదగ్గ సాకు లేదు.

పవర్‌బోట్ ఖరీదైన వ్యవహారం. దాన్ని మొదటి మెట్టుగా పెట్టుకుంటే పని జరగదు. గాలిని, అలను, పడవ తూకాన్ని చదవడం తెరచాప పడవ మీద చవకగా నేర్చుకోవచ్చు. ఆ తర్వాతే ఇంజన్. నీళ్ళు చదవడం వచ్చినవాళ్ళకు ఇంజన్ నేర్పడం తేలిక. రానివాళ్ళకు ఎంత పెద్ద ఇంజన్ ఇచ్చినా ప్రమాదమే.

ఇందుకు కావలసిన సంస్థ కొత్తగా కట్టక్కర్లేదు. గోవాలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వాటర్ స్పోర్ట్స్ ఉంది. పవర్‌బోట్ నడపడం, నీళ్ళలో ప్రాణాలు కాపాడడం నేర్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ. అది భారతీయ పర్యాటక, ప్రయాణ నిర్వహణ సంస్థలో భాగం. ఆ మాతృసంస్థకు నెల్లూరులో కూడా ప్రాంగణం ఉంది. అంటే ఒకే సంస్థకు ఒక చేతిలో శిక్షకులున్నారు, ఇంకో చేతిలో తీరం ఉంది. రెండు చేతులూ కలపడానికి ఎవరైనా పూనుకోవాలి, అంతే.

కాలం కూడా కలిసొస్తుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి అది ఉండాల్సిందే. ఆ రోజుల్లో బోట్లు ఒడ్డెక్కుతాయి, పెద్దలు వలలు బాగుచేసుకుంటూ ప్రభుత్వ భృతి కోసం ఎదురుచూస్తారు. బడులకు వేసవి సెలవులూ ఆ రోజుల్లోనే. మత్స్యకారుల పిల్లలకు, ఆడపిల్లలకు కూడా, శిబిరం పెట్టడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. నేర్చుకున్నవాళ్ళందరూ విజేతలు కానక్కర్లేదు. సముద్ర స్నానాలకు దిగి మనుషులు కొట్టుకుపోయే వార్తలు మైపాడు, కోడూరు తీరాల నుంచి తరచూ వింటుంటాం. అక్కడ శిక్షణ పొందిన లైఫ్‌గార్డులుగా వీళ్ళే నిలబడవచ్చు. కోస్ట్‌గార్డ్‌లో, రేవుల్లో, పర్యాటక పడవల మీద ఉద్యోగాలకు శిబిరంలో ఇచ్చే సర్టిఫికెట్ పనికొస్తుంది. ఎనిమిదిసార్లు గెలిచే మనిషి ఎక్కడో వందలమందిలో ఒకడుగా పుడతాడు. ముందు ఆ వందలమంది నీళ్ళలో ఉండాలి.

మత్స్యకార ఊళ్ళ కాపులు, దురాయి (ఊరి కట్టుబాటు) కట్టే పెద్దలు ఈ మాట ముందుగా ఆలోచించాలి. పిల్లలు వేటకు రాకుండా పోతారేమోనన్న భయం వాళ్ళలో ఉంటే అది అర్థం చేసుకోదగ్గదే. కానీ పిల్లలు ఇప్పటికే వేట వదిలి చెన్నైకి, శ్రీసిటీ ఫ్యాక్టరీలకు వెళ్ళిపోతున్నారు. తండ్రుల దగ్గర నేర్చిన నీటి చదువు అక్కడ ఎందుకూ పనికిరాదు. అదే చదువుతో బతికే దారి ఇంకొకటి చూపిస్తే, వెళ్ళేవాళ్ళలో కొందరైనా తీరంలో ఆగుతారు.

జిల్లా కలెక్టరుకు, మత్స్యశాఖకు, పర్యాటక శాఖకు, నెల్లూరు ప్రాంగణం పెద్దలకు విన్నపం ఒక్కటే. వచ్చే ఏప్రిల్ 15 లోపు మైపాడులో గానీ, కృష్ణపట్నం దగ్గర గానీ ఒక శిబిరానికి చోటు చూడండి. నాలుగు చిన్న తెరచాప పడవలు, సరిపడా లైఫ్‌జాకెట్లు, గోవా నుంచి ఇద్దరు శిక్షకులు చాలు. పిల్లలు నడిచి వస్తారు.