రక్తం చెప్పేది చదవడం వచ్చా?

చందానగర్‌లో హాస్టల్ గది. బీఎస్సీ బయోకెమిస్ట్రీ పూర్తిచేసిన మీరు ఆ మాటను రెజ్యూమెలో ఏ మూలన పెట్టాలా అని ఆలోచిస్తున్నారు. పక్క మంచం మీది బీటెక్ మిత్రుడు పైథాన్ నేర్చుకోమంటున్నాడు. నేర్చుకోండి, మంచిదే. డిగ్రీని మాత్రం కొట్టేయకండి.

2021 వేసవి గుర్తుందా? ఇంట్లో ఎవరికైనా కొవిడ్ వస్తే చాలు, సీఆర్‌పీ, డి-డైమర్, ఫెర్రిటిన్ అంకెలు వాట్సాప్‌లో తిరిగేవి. అర్థమయ్యేవాళ్లు తక్కువ, హడలిపోయేవాళ్లు ఎక్కువ. ఒంట్లో ఎక్కడ వాపు రేగినా ఐఎల్-6 అనే ప్రోటీన్ కాలేయానికి కబురు పెడుతుంది. కాలేయం సీఆర్‌పీని రక్తంలోకి వదులుతుంది. డి-డైమర్ అంటే గడ్డకట్టిన రక్తం కరిగేటప్పుడు మిగిలే ముక్క. వైరస్ ఉందో లేదో ఆర్‌టీపీసీఆర్ చెబుతుంది. దాని దెబ్బకు ఒళ్లు ఎంత అతలాకుతలమవుతోందో తెలుసుకోవడానికి ఈ ప్రోటీన్లు చూస్తారు. అయితే పంటి దగ్గర చీము పట్టినా సీఆర్‌పీ పెరగొచ్చు. అందుకే స్వల్ప లక్షణాలున్నవాళ్లకు ఈ పరీక్షలు అక్కర్లేదని అప్పటి ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా ఆ మే నెలలోనే హెచ్చరించారు. అంకె చూసి భయపడి, అవసరం లేకుండా స్టెరాయిడ్లు మొదలుపెడితే మేలుకన్నా కీడే ఎక్కువ.

ఒకటి రెండు ప్రోటీన్లు చాలవనుకుంటే? ఐఐటీ బాంబే పరిశోధకులు అదే పని చేశారు. 71 మంది ప్లాస్మా తీసుకుని మాస్ స్పెక్ట్రోమెట్రీతో సుమారు 1200 ప్రోటీన్లు గుర్తించారు. తీవ్రంగా జబ్బుపడినవాళ్లకూ మిగతా కొవిడ్ రోగులకూ మధ్య 38 ప్రోటీన్లలో తేడా కనిపించింది. వాటిలో రక్తం గడ్డకట్టడానికి సంబంధించినవీ ఉన్నాయి. 20 ప్రోటీన్లతో మెషీన్ లెర్నింగ్ మోడల్ కట్టి తీవ్రతను వేరుచేయిస్తే కచ్చితత్వం 0.84 వచ్చింది. ఈ అధ్యయనం 2021లో ప్రచురితమైంది.

బాగానే ఉంది కదా అనిపిస్తుంది. మరి మిగతా 16 శాతం? ప్రాణాపాయంలో ఉన్నవాణ్ని 'పర్లేదు' అని ఇంటికి పంపేస్తే ఏమిటి గతి? ముంబయిలో 71 మందిపై తేలింది మన గాంధీ ఆస్పత్రి వార్డులోనూ తేలుతుందా? ఈ ప్రశ్నలు అడగాలంటే కోడ్ రాయడం ఒక్కటే వస్తే సరిపోదు, జీవశాస్త్రం ఒక్కటే తెలిసినా కుదరదు. రెండూ కాస్త కాస్త తెలిసినవాళ్లే ఇక్కడ పనికొస్తారు. ఆ లెక్కన మీరు సగం దారి నడిచేశారు.

నిజం చెప్పాలంటే, వీధి చివరి డయాగ్నొస్టిక్ సెంటర్‌లో మాస్ స్పెక్ట్రోమీటర్ ఉండదు. తొలి జీతం కూడా ఐటీ మిత్రుడి జీతంతో తూగకపోవచ్చు. అది తెలిసే దిగండి. ఎలీసా చేతితో చేసి చూడండి, గణాంకశాస్త్రం మళ్లీ తెరవండి. యూనిప్రాట్‌లో ఒక్కో ప్రోటీన్ కథ ఉచితంగా చదవొచ్చు. 'ప్రైడ్' అనే భాండాగారంలో పరిశోధకులు పంచుకున్న అసలు డేటా దొరుకుతుంది. దాన్ని దింపుకుని మీ పైథాన్‌ను దానిమీద నూరండి. హబ్సిగూడలోని సీసీఎంబీ, మీకు దగ్గర్లోనే గచ్చిబౌలిలో ఉన్న హైదరాబాద్ విశ్వవిద్యాలయం వెబ్‌సైట్లలో ప్రాజెక్టు ఉద్యోగాల ప్రకటనలు చూస్తూ ఉండండి.

ఇంకొక్క మాట. ముందు ఫీజు కడితే క్లినికల్ డేటా ఉద్యోగం గ్యారంటీ అని ఎవరైనా ఫోన్ చేస్తే, సీఆర్‌పీ ఎందుకు పెరుగుతుందో అడగండి. జవాబు రాకపోతే ఆ డబ్బు గది కిరాయికి ఉంచుకోండి.