ధవళేశ్వరంలో కాటన్ దొర ఒక్కరేనా?

వరదల రోజుల్లో ధవళేశ్వరం పేరెత్తని ఇల్లు మన గోదావరి సీమలో ఉండదు. అక్కడ నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. లంక గ్రామాలవారు మూటాముల్లె సర్దుకునేది ఈ అంకెలు చూసుకునే. 1986 ఆగస్టులో బ్యారేజి మీదుగా 35 లక్షల క్యూసెక్కులు పోయిన నాటి భయం ఎరిగినవారు ఇంకా మన మధ్య ఉన్నారు. వరద తీసిందంటే మాత్రం ఆ ఊరి సంగతి మరెవరికీ పట్టదు.

రాజమహేంద్రవరాన్ని ఆనుకుని ఉన్నందున ధవళేశ్వరాన్ని పట్నంలో ఒక పేటగా లెక్కకట్టడం చాలామందికి అలవాటైంది. ఇది సరికాదు. గోదావరి తీరాన గల నవ జనార్దన క్షేత్రాలలో మొదటిది ఇక్కడి కొండమీదే ఉన్నది. ఇక్కడి కొండరాయి కొట్టే 1847-1852 మధ్య ఆనకట్ట కట్టారు. రాయి ఏటి ఒడ్డుకు చేరవేయడానికి ఇనుప పట్టాలు పరచి బండ్లు నడిపారు. బొంబాయి, ఠాణాల మధ్య 1853లో రైలు కూత వేయకముందే మన ధవళేశ్వరంలో పట్టాలున్నాయన్న మాట! ఈ ముక్క మన బడిపిల్లల్లో ఎందరికి తెలుసు?

ఆనకట్టకు ముందు ఈ సీమ 1833 నాటి కరువు చూసింది, 1839 నాటి ఉప్పెన చూసింది. పక్కనే గోదావరి ఉండగా జనం తిండిలేక చచ్చారు. ఆ స్థితి మార్చిన సర్ ఆర్థర్ కాటన్‌ను రైతులు అపర భగీరథుడన్నారంటే అందులో అతిశయోక్తి లేదు. ఏటా మే 15న ఆయన జయంతికి ఊరూరా విగ్రహాలకు దండలు వేస్తున్నాం. వేయవలసిందే.

అయితే ఆ పని దొర ఒక్కరి చేతులతో అయిందా? సబ్ ఓవర్‌సీరు వీణెం వీరన్న ఆయనకు కుడిభుజంగా నిలిచి కూలీలను సమకూర్చారు, పని నడిపించారు. రాయ్ బహదూర్ బిరుదు పొందారు. 1867లో కన్నుమూశారు. లాకుల వద్ద ఆయన పేర శిలాఫలకం వేశారు. కాటన్ మ్యూజియం చూడవచ్చే వారిలో ఆ ఫలకం ఎక్కడని అడిగేవారు నూటికి ఒకరుంటే గొప్పే.

ఇక రాళ్లు కొట్టినవారు, మోసినవారు, సున్నం నూరినవారు. పని జోరుగా సాగిన రోజుల్లో పదివేలమంది దాకా ఉన్నారంటారు. వారి పేర్లు ఏ ఫలకం మీదా లేవు. ఎండలో, ఇసుకలో, ఏటి మధ్య కష్టపడిన ఆ మనుషుల వంశాలవారు డెల్టా పల్లెల్లో ఉండే ఉంటారు. తాతముత్తాతలు ఆనకట్ట పనికి వెళ్లారని ఇళ్లలో చెప్పుకునే మాటలుంటే అవి ఇప్పుడే రాసిపెట్టాలి. చెప్పగల ముసలివాళ్లు ఏడాదికేడాది తగ్గిపోతున్నారు. మన బడిపంతుళ్లు తలచుకుంటే ఇదేమంత కష్టం కాదు. పిల్లలకు ఒక నోటు పుస్తకమిచ్చి అవ్వల దగ్గర కూర్చోబెడితే చాలు.

వచ్చే మే 15కు కాటన్ విగ్రహానికి దండ కొనేటప్పుడు ఇంకొకటి కూడా కొనండి. లాకుల దగ్గర వీరన్నగారి రాయి మీద వేసి రావచ్చు.