పట్టా అడుగుతారు, మన్ను అడగరు

“ఊళ్లో పొలం సోలార్‌కి ఇచ్చేస్తే పీడా పోతుంది.” చెన్నై సౌకార్‌పేట కొట్లలో ఈమధ్య ఈ మాట తరచుగా వినబడుతోంది. ఇక్కడి తెలుగు వ్యాపార కుటుంబాల్లో కొందరికి నంద్యాల వైపో, ఒంగోలు వైపో తాతలనాటి చేలు ఇంకా ఉన్నాయి. కౌలుదారు ఒక ఏడు ఇస్తాడు, మరో ఏడు వాన లేదంటాడు. కంపెనీ అయితే ఏటేటా ఖాతాలో వేస్తుంది. దేశానికి కరెంటు, భూమికి పాతికేళ్ల విశ్రాంతి, మనకు నిశ్చింత. పుణ్యమూ పురుషార్థమూ కలిసొచ్చే బేరమట.

ఈ లెక్క తప్పు. సోలార్ తప్పని కాదు. ఎన్నూరు బూడిద పీల్చిన ఉత్తర చెన్నై వాళ్లకు బొగ్గు కరెంటు ఖరీదు ఒకరు చెప్పాలా? తప్పల్లా సోలార్ పలకలు ఎక్కడ పాతుతున్నామన్నదాంట్లోనే ఉంది. పట్టా భూమా, డి-పట్టానా, సర్కారుదా, సబ్‌స్టేషన్ ఎంత దూరం? బేరమంతా ఈ ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది. ఆ మన్ను ఏం పండించగలదన్నది చివరి కాగితంలోనైనా ఉంటే గొప్పే.

కోయిలకుంట్ల వైపు నల్లరేగడినే తీసుకోండి. ఆగస్టు, సెప్టెంబరు వానల్ని తాగి లోపల దాచుకుంటుంది. అక్టోబరు, నవంబరుల్లో శనగ విత్తితే, పైనుంచి తడి పెట్టకుండానే ఆ పదునుతో, చలికాలపు మంచుతో పంట చేతికొస్తుంది. చెరువు లేదు, కాలువ లేదు, మోటారు లేదు. నీళ్లు నిలవచేసే పని మన్నే చేస్తుంది. అదే చేను మే నెలలో చూస్తే నెర్రెలు విచ్చి, గడ్డిపోచ లేకుండా ఉంటుంది. అప్పుడొచ్చిన సర్వేయరు బీడని రాసుకుపోతే తప్పు అతని కళ్లది కాదు, నెలది.

కూరగాయల అంగడి 1996లో కోయంబేడుకు తరలిపోయినా కొత్వాల్ చావడి చుట్టుపక్కల పప్పుదినుసుల బేరం ఆగలేదు. బ్రోకరు గోతంలో ఇనుప గొట్టం గుచ్చి, గుప్పెడు శనగలు అరచేతిలో పోసుకుని, ఒకటి పంటికింద వేసుకుని గానీ ధర మాట్లాడడు. గింజను ఇంత పరీక్షగా చూసేవాళ్లం, దాన్ని పండించిన మన్నును మాత్రం ఎకరాల్లో కొలిచి ఊరుకుంటున్నాం.

పాతికేళ్ల విశ్రాంతి అన్నమాట వినడానికి బాగుంటుంది. మిట్టపల్లాలను డోజరు చదును చేసినప్పుడు మొదట పోయేది పైమన్నే. తడినేల మీద లారీలు తిరిగితే అడుగు గట్టిపడి నీరు దిగదు. కేబుళ్ల కోసం తవ్విన కందకాల్లో కిందిమన్ను పైకొస్తుంది. దారులకు కంకర పోస్తారు. వేళ్లు, వానపాములు ఏళ్ల తరబడి చేసిన పనిని ఒక్క వేసవిలో చెడగొట్టి, దానికి విశ్రాంతి అని పేరు పెట్టడం సాహసమే. పైమన్ను పక్కకు తీసి దాచి, నేల వాలు చెడకుండా, తడి ఆరాకే బండ్లు తిప్పితే నష్టం తగ్గుతుంది. ఒప్పందంలో రాయించుకోకపోతే అది ఎవరు చేస్తారు?

పొలాల్లో సోలార్ పెట్టొచ్చనేవాళ్ల దగ్గర ఒక గట్టి వాదన ఉంది. మెగావాటుకు 5 ఎకరాలు వేసుకున్నా, దేశమంతటా 3 లక్షల మెగావాట్లు పెట్టడానికి 15 లక్షల ఎకరాలు చాలు. దేశంలో సాగయ్యే నేలలో అరశాతం కూడా కాదు. లెక్క నిజమే. కానీ సోలార్ పార్కు దేశమంతా పలచగా పరుచుకోదు. కర్ణాటకలోనే ఉన్నా తెలుగు బాగా వినిపించే పావగడలో 2,050 మెగావాట్ల పార్కు, దాదాపు 13 వేల ఎకరాలు, అయిదు ఊళ్ల మీద పడింది. ఎకరాకు ఏటా 21 వేల రూపాయల కౌలుతో మొదలై, రెండేళ్లకోసారి అయిదు శాతం పెరుగుతుంది. కరువు సీమ, చాలావరకు వానాధారపు ఎర్రనేల. మన్ను దృష్టితో చూస్తే నల్లరేగడి కన్నా అది మెరుగైన ఎంపికేనని ఒప్పుకుంటాను. అయినా కౌలు ముట్టింది పట్టాదారుకే. వేరుశనగ కోతకు పోయే కూలీకి, గొర్రెలు తోలుకునేవాడికి ఆ సొమ్ములో వాటా లేదు.

ఆంధ్రలోని కరేడు సంగతి వేరు. ఉలవపాడు మండలంలో సోలార్ పలకల ఫ్యాక్టరీకి 8 వేల ఎకరాలకు పైగా సేకరిస్తామంటే, పంటలు పండే భూములు ఇవ్వమని 2025 జూన్ చివర జనం జాతీయ రహదారి మీద బైఠాయించారు. ఫ్యాక్టరీకి ఎండ కూడా అక్కర్లేదు, నేల దొరికితే చాలు. అలాంటిదానికి ఆ పొలాలే కావాలా?

2020లో తమిళనాడు కావేరీ డెల్టాను చట్టంతో రక్షిత వ్యవసాయ మండలం చేసి, చమురు తవ్వకాలను, రాగి, జింకు కరిగించే ఫ్యాక్టరీలను కొత్తగా రానివ్వనంది. మంచి మన్నుకు చట్టం కంచె వేయగలదన్నమాట. సోలార్‌కూ షరతులు పెట్టొచ్చు: జపాన్ 2013లో పొలాల మీద ఎత్తైన పందిళ్లకు పలకలు బిగించుకోనిచ్చింది, కింద సాగు ఆగకూడదని, దిగుబడి ఆ ప్రాంతపు సగటు కన్నా 20 శాతానికి మించి తగ్గకూడదని షరతు పెట్టి.

సౌకార్‌పేట మిద్దెలు ఇరుకు, ఒకదాని నీడ ఒకదాని మీద. అక్కడ పెద్దగా ఏమీ పండదు. మాధవరం, రెడ్‌హిల్స్ వైపు మన సరుకు దాచే గోదాముల రేకుల కప్పులు మాత్రం పొద్దంతా ఊరికే కాగుతున్నాయి. సోలార్ మీద పెట్టుబడి పెట్టే షావుకార్లు ముందు ఆ కప్పులు పలకల బరువు మోస్తాయేమో చూపించుకోవాలి. ఆ తర్వాత ఊళ్లో పొలం ఇవ్వదలిస్తే, సంతకానికి ముందు మన్ను లోతు కొలిపించాలి, అదీ నవంబరులో, చేలో శనగ ఉన్నప్పుడు.