ఇంగ్లీషు ఎలా పాకింది? మన తెలుగు ఎలా నిలుస్తుంది?



మన సమావేశాల్లో ఈమధ్య ఒక మాట తరచుగా వినిపిస్తోంది. ఇంగ్లీషు గొప్ప భాష కాబట్టే ప్రపంచమంతా పాకిందనీ, తెలుగుకు ఆ సత్తా లేదనీ. దీన్ని మేం ఒప్పుకోం. ఇంగ్లీషును సముద్రాలు దాటించింది ఓడలు, తుపాకులు. దాన్ని నిలబెట్టింది కొలువులు.

మన సంగతే చూడండి. 1812లో మద్రాసులో సెయింట్ జార్జి కోట కాలేజీ పెట్టింది కుంపిణీ దొరలకు మన భాషలు నేర్పడానికి. శిస్తు వసూలు చెయ్యాలన్నా, తగువు తీర్చాలన్నా రైతు మాట అర్థం కావాలి కదా! 1816లో క్యాంబెల్ తెలుగు వ్యాకరణం అచ్చయింది ఆ అవసరం కోసమే. తర్వాత లెక్క తిరగబడింది. 1835లో మెకాలే వాదన విని బెంటింక్ చదువుల సొమ్మును ఇంగ్లీషువైపు మళ్లించాడు. 1844లో హార్డింజి ఇంగ్లీషు చదివినవాళ్లకు సర్కారు ఉద్యోగాల్లో పెద్దపీట వేశాడు. ఇక మనవాళ్లే ఇంగ్లీషు బడి కోసం వెతుక్కున్నారు.

యానాం మిత్రులకు ఇది వేరే చెప్పక్కర్లేదు. కాకినాడ దగ్గరే ఉన్నా 1954 దాకా అక్కడ ఫ్రెంచి పాలన. అవే గోదావరి నీళ్లు, అదే తెలుగు. ఒకచోట దొరతనం భాష ఇంగ్లీషు, రెండోచోట ఫ్రెంచి. భాషల గొప్పతనాన్ని తూచి ఎవరూ ఎంచుకోలేదు.

ఆస్ట్రేలియాలో ఇంకా ఘోరం. 1788లో ఇంగ్లీషువాళ్లు దిగేనాటికి అక్కడ 250కి పైగా భాషలుండేవి. నేల పోయింది, మనుషులు పోయారు, వాళ్లతోపాటు చాలా భాషలూ పోయాయి.

మనం బాగా గుర్తుపెట్టుకోవలసింది ఐర్లండు కథ. 1831లో మొదలైన జాతీయ పాఠశాలల్లో చదువు ఇంగ్లీషులో. 1840ల కరువు ఐరిష్ మాట్లాడే పేద పల్లెలను ఊడ్చేసింది. బతకడానికి అమెరికా పోవాలంటే ఇంగ్లీషే దిక్కు. దాంతో తల్లిదండ్రులే పిల్లలతో ఐరిష్ మానేశారు. 1937 రాజ్యాంగం ఐరిష్‌ను మొదటి అధికార భాష అంది, బళ్లలో పిల్లలు ఏళ్ల తరబడి నేర్చుకుంటున్నారు. అయినా ఈనాటికీ చాలా ఇళ్లలో ఇంగ్లీషే. ఇల్లు దాటిపోయిన భాషను చట్టం వెనక్కి తేలేకపోయింది.

మన పెద్దలు హోసూరులో తమిళం, బళ్లారిలో కన్నడం, బరంపురంలో ఒడియా, షోలాపూరులో మరాఠీ నేర్చారు. ఆ ఊళ్లలో ఆ భాషలు లేకుండా బతుకు గడవదు. అయినా తరాలపాటు ఇంట్లో తెలుగు వదల్లేదు. కాబట్టి ఇంకో భాష నేర్వడం వల్ల తెలుగుకు నష్టం లేదు. పిల్లలను ఇంగ్లీషు బడికి పంపిన తల్లిదండ్రులను నిందించడమూ తగదు.

తెలుగు బళ్లకోసం అర్జీలు పెడుతూనే ఉందాం. కానీ మన చేతిలో ఉన్నదాని మాటేమిటి? సంఘం నోటీసు ఇంగ్లీషులో, తీర్మానాల పుస్తకం ఇంగ్లీషులో, చివరికి ఉగాది ఆహ్వానం కూడా ఇంగ్లీషులోనే! ఏడాదికోసారి పద్యాల పోటీ పెట్టి బహుమతులిస్తే చాలదు. భాషకు రోజూ పని ఉండాలి.

వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ రెండూ తీర్మానం చేద్దాం. సంఘం రాతకోతలన్నీ తెలుగులో, అవసరమైనచోట రాష్ట్ర భాష తోడుగా. ఆ రాత పని మన కుర్రవాళ్లకు, ఆడపిల్లలకు. లిపి రానివాళ్లకు పక్కన కూర్చుని నేర్పే పెద్దలు మనలో ఇంకా ఉన్నారు. వాళ్లుండగానే మొదలుపెడదాం.