వెదకడానికీ ఒక పద్ధతి ఉంది

ఈపూరులో ఒక కుటుంబం హజ్‌కు సంకల్పించుకున్నదనుకుందాం. ఏళ్ల తరబడి కూడబెట్టిన హలాల్ సొమ్ము సిద్ధంగా ఉంది. కుమారుడు ఫోను తీసి గూగుల్‌లో ‘హజ్’ అన్న ఒక్క మాట వ్రాస్తాడు. హజ్ విధుల వివరణలు, వార్తలు, వీడియోలు, ట్రావెల్స్ ప్రకటనలు అన్నీ కలిసి వచ్చిపడతాయి. అందులో మొదట కనిపించిన నంబరును నమ్మి, అవతలి వ్యక్తి అడిగిన అడ్వాన్సు పంపిస్తే ఆ కష్టార్జితం గతి ఏమిటి?

సెర్చ్ ఇంజన్ ధర్మపండితుడు కాదు, సాక్షి కూడా కాదు. మనం వ్రాసిన మాటలకు సరిపోలే పేజీలను ఏరి, ఒక వరుసలో పెడుతుంది. ‘స్పాన్సర్డ్’ అని ఉన్నవి డబ్బు చెల్లించి పెట్టించిన ప్రకటనలు. కనుక పైన ఉన్నదే సత్యమనుకోరాదు.

మొదట ప్రశ్నను పూర్తిగా వ్రాయాలి. ‘హజ్’ అని ఊరుకోక, ‘హజ్ కమిటీ ఆఫ్ ఇండియా దరఖాస్తు చివరి తేదీ’ అని, సంవత్సరం కూడా చేర్చాలి. ప్రభుత్వ సైట్లు మాత్రమే కావాలంటే, ప్రశ్న చివర ఇంగ్లీషు అక్షరాలలో ‘సైట్’ అని వ్రాసి, కోలన్ పెట్టి, ఖాళీ విడువకుండా ‘జీఓవీ డాట్ ఇన్’ చేర్చాలి.

ఊరి పేరుతో వెదికేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. ఈపూరును ఇంగ్లీషులో మూడు నాలుగు విధాలుగా వ్రాస్తారు, అన్నిటితోనూ వెదకాలి. పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. అంతకుముందరి కాగితాలలో మన మండలం గుంటూరు జిల్లాలో ఉంటుంది. పాత రికార్డుకు ‘గుంటూరు’ అనీ, కొత్తదానికి ‘పల్నాడు’ అనీ చేర్చాలి. విష్ణుకుండి మాధవవర్మ ఈపూరు శాసనాలు కనిపిస్తే మన ఊరివేనని పొంగిపోకూడదు. అవి తెనాలి ప్రాంతపు ఈపూరులో లభించినవి. అటువంటి ఫలితాలు వద్దనుకుంటే, ‘తెనాలి’ అన్న మాటకు ముందు ఖాళీ లేకుండా మైనస్ గుర్తు పెడితే చాలు.

వాట్సాప్‌లో హదీసు పేరిట ఏదైనా వస్తే, పంచడానికి ముందు అందులోని ముఖ్యవాక్యాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెదకాలి. అప్పుడు ఆ మాటలు అదే వరుసలో ఉన్న పేజీలు వస్తాయి. ఏ గ్రంథం, ఏ సంఖ్య, ఉల్లేఖకులెవరు అన్నవి చూడాలి. అవేవీ లేకపోతే ముందుకు పంపరాదు. ఉన్నప్పటికీ అది సహీహ్ అవునో కాదో మస్జిదు ఇమామ్ గారినో, ఆలిమ్‌నో అడిగి తెలుసుకోవాలి.

ఇది మనకు కొత్త విద్య కాదు. వార్త వచ్చినప్పుడు విచారించి నిర్ధారించుకోమని దివ్యఖుర్ఆన్ అల్ హుజురాత్ సూరాలో (49:6) ఆదేశించింది. ఇమామ్ బుఖారీ (రహ్మ) ఒక్కొక్క హదీసుకూ ఉల్లేఖకుల పరంపరను పరీక్షించిన తరువాతనే తమ గ్రంథంలో చేర్చారు. ‘ఎవరు చెప్పారు, ఎవరి ద్వారా వచ్చింది’ అన్న ఆ ప్రశ్ననే నేడు మనం తెర ముందు కూర్చుని వేసుకోవాలి.

ఒకవేళ మోసపోతే సిగ్గుపడి దాచవద్దు. వెంటనే 1930కు ఫోను చేయాలి; ఆలస్యమయ్యే కొద్దీ సొమ్ము చేయి దాటిపోతుంది. అంతకన్నా ముందే ఈ నాలుగు పద్ధతులను ఇంట్లో పిల్లలకు, పెద్దలకు నేర్పుకుందాం. అల్లాహ్ మనందరికీ ప్రయోజనకరమైన జ్ఞానాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.