అంతర్జాతీయ కుష్ఠు మహాసభ.. రెండుసార్లు హైదరాబాద్‌కు వచ్చి పల్లెకు మిగిల్చిందేమిటి?

డిచ్‌పల్లి (నిజామాబాద్ జిల్లా): ప్రపంచ దేశాల శాస్త్రవేత్తలు, వైద్యులు పాల్గొనే అంతర్జాతీయ కుష్ఠు మహాసభకు ఒకే నగరం పదిహేనేళ్లలోపు రెండుసార్లు వేదిక కావడం అరుదు. ఆ ఘనత హైదరాబాద్‌కు దక్కింది. 17వ మహాసభ 2008 జనవరి 30న, అంటే దేశమంతటా కుష్ఠు నివారణ దినంగా పాటించే గాంధీజీ వర్ధంతి నాడే ఇక్కడ ప్రారంభమైంది. 21వ మహాసభ 2022 నవంబరులో జరిగింది. తాజాగా 2025 జులైలో ఇండోనేషియాలోని బాలిలో 22వ మహాసభ కూడా ముగిసింది. ఈ నేపథ్యంలో రాజధానిలో సాగిన ఆ చర్చల ఫలితం నూటయాభై కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని పల్లెలకు ఏ మేరకు చేరిందన్నది పరిశీలించదగిన విషయం.

ఈ వ్యాధితో జిల్లాకు ఉన్న అనుబంధం నేటిది కాదు. నిజాం పాలనలో, 1915 ప్రాంతంలో స్కాట్లాండ్‌కు చెందిన వైద్యురాలు ఇసాబెల్ కెర్ డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠు ఆసుపత్రిని నెలకొల్పారు. అందుకు రాజా నర్సాగౌడ్ అండగా నిలిచారు. చాల్‌మూగ్రా నూనె సూదిమందు తప్ప మరో ఆధారం లేని కాలమది. ఇక్కడే ఏళ్ల తరబడి పనిచేసిన డాక్టర్ జాన్ లో అనంతరం నైజీరియా వెళ్లి, డాప్సోన్‌ను మాత్ర రూపంలో ఇవ్వవచ్చని నిరూపించిన వారిలో ఒకరయ్యారు. ప్రపంచ వైద్యానికి డిచ్‌పల్లి అందించిన ఈ అనుభవం స్థానికులకే అంతగా తెలియకపోవడం విచారకరం.

మొదటి మహాసభ 1897లో బెర్లిన్‌లో జరిగింది. రోగులను వేరుగా ఉంచాలన్నదే నాటి ప్రధాన సిఫారసు. మరుసటి ఏడాదే భారతదేశంలో బ్రిటిష్ ప్రభుత్వం కుష్ఠు రోగుల చట్టం తెచ్చింది. అది రద్దయింది 2016లో. మందు లేని రోజుల్లో పుట్టిన చట్టం, మందు వచ్చిన తర్వాత కూడా దశాబ్దాల పాటు బతికిందన్నమాట. ఇంతకంటే విడ్డూరం మరొకటుంది. హైదరాబాద్‌లో మొదటిసారి మహాసభ జరిగిన 2008లోనే, కుష్ఠు సోకినవారు మున్సిపల్ పదవులకు అనర్హులన్న ఒరిస్సా చట్టాన్ని సుప్రీంకోర్టు సమర్థించింది. విడాకులకు కుష్ఠును కారణంగా చూపే నిబంధనలు 2019లో గాని తొలగలేదు.

సన్నాహాలు ఎవరివి?

మహాసభల నిర్వహణ బాధ్యత 1931లో మనీలాలో ఏర్పడిన అంతర్జాతీయ కుష్ఠు సంఘానిది. ఏ దేశంలో జరపాలన్నది ఎంతో ముందుగానే నిర్ణయమవుతుంది. శాస్త్రీయ సంఘం పరిశోధన పత్రాల సారాంశాలను ఆహ్వానించి, వడపోసి, కొన్నింటిని వేదికపై ప్రసంగాలకు, మిగిలినవాటిని గోడపత్రాల ప్రదర్శనకు కేటాయిస్తుంది. వీసాలు, బస, అనువాదకులు, దూరదేశాల వారికి ప్రయాణ సాయం వంటి పనుల భారం ఆతిథ్య నగరంపై పడుతుంది.

అయితే వడపోత అసలు ఎక్కడ జరుగుతుందన్నదే ప్రశ్న. సారాంశం ఆంగ్లంలో ఉండాలి. నమోదు రుసుము చెల్లించాలి. ప్రభుత్వ ఉద్యోగికి సెలవు, అనుమతి కావాలి. ఏ తండాలో ఎవరు మాత్రలు మధ్యలో మానేశారో, ఏ ఇంట్లో కోడలు వీపుపై మచ్చను అత్తకు తెలియకుండా దాచుకుంటోందో ఎరిగినవారు పారామెడికల్ సిబ్బంది, ఆశా కార్యకర్తలు. వారి అనుభవం వేదిక ఎక్కాలంటే మరొకరి పేరిట, అంకెల రూపంలోనే ఎక్కాలి. ఇది ఏ ఒక్క మహాసభకో పరిమితమైన లోపం కాదు.

2022లో కొంత మార్పు కనిపించిందని అంగీకరించాలి. మహాసభకు ముందు నవంబరు 6 నుంచి 8 వరకు, వ్యాధి అనుభవించిన వారి సంఘాల ప్రపంచ వేదిక హైదరాబాద్‌లోనే సమావేశమైంది. మనీలాలో 2019లో జరిగిన తొలి సమావేశానికి ఇది కొనసాగింపు. పరిశోధనాంశాలుగా మాత్రమే కనిపించినవారు ప్రతినిధులై మాట్లాడటం చిన్న విషయం కాదు.

తగ్గింది వ్యాధి కాదు, వెతుకులాట

ఆ మహాసభ కరోనా నీడలో జరిగింది. ప్రపంచంలో 2019లో 2.02 లక్షలకు పైగా కొత్త కేసులు నమోదు కాగా, 2020లో అవి 1.27 లక్షలకు పడిపోయాయి. భారత్‌లో 1,14,451 నుంచి 65,147కు తగ్గాయి. సగటున అయిదేళ్లు, ఒక్కోసారి ఇరవై ఏళ్లు శరీరంలో నిద్రాణంగా ఉండే క్రిమి ఒక్క ఏడాదిలో ఇంతగా తగ్గడం అసాధ్యం. ఇంటింటి సర్వే ఆగింది, కేసులు కాగితం మీద తగ్గాయి. సర్వేలు తిరిగి మొదలయ్యాక 2023లో దేశంలో 1,07,851 మంది కొత్త రోగులు బయటపడ్డారు. ప్రపంచం మొత్తంలో కనుగొన్నది 1,82,815 మందినే.

ఇటువంటి భ్రమ కొత్తది కాదు. పది వేల జనాభాకు ఒకరికంటే తక్కువ రోగులుంటే ప్రజారోగ్య సమస్యగా తొలగినట్లు లెక్క. ఆ స్థాయికి 2005 డిసెంబరులో చేరామని దేశం ప్రకటించింది. కానీ లెక్కకు వచ్చేది ఆనాటికి చికిత్స రిజిస్టరులో ఉన్నవారే. ఎక్కువ మచ్చలున్నవారికి రెండేళ్లుగా ఉన్న చికిత్సను 1990ల చివర ఏడాదికి కుదించినప్పుడు వారి పేర్లు రిజిస్టరులో ఉండే కాలం కూడా సగానికి తగ్గింది. వ్యాప్తి ఏమాత్రం తగ్గకున్నా అంకె తగ్గుతుంది. మందులు నిజంగా అద్భుతంగా పనిచేశాయన్నదీ వాస్తవమే. అయితే తెలుగులో రెండింటికీ 'నిర్మూలన' అనే ఒక్క మాటే వాడటంతో, వ్యాధి పూర్తిగా పోయిందని జనమే కాదు, కొందరు వైద్య విద్యార్థులు కూడా భావించే పరిస్థితి ఏర్పడింది.

ఒక్క మోతాదు.. ఒక చిక్కు

శాస్త్రం పల్లెకు చేరడంలో ఉన్న కష్టానికి రిఫాంపిసిన్ మంచి ఉదాహరణ. రోగితో మెలిగినవారికి ఈ మందు ఒక్క మోతాదు ఇస్తే తొలి రెండేళ్లలో వ్యాధి సోకే ముప్పు 57 శాతం తగ్గిందని బంగ్లాదేశ్‌లో ఇరవై వేల మందికి పైగా జరిపిన పరిశోధన తేల్చింది. ఆ ఫలితాలు 2008లోనే ప్రచురితమయ్యాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు 2018లో వచ్చింది. భారత్ కూడా దానిని అమలులోకి తెచ్చింది.

కాగితంపై ఇది సులువే. ఊళ్లో మాత్రం మందు ఎవరికివ్వాలో తెలియాలంటే రోగి పేర్లు చెప్పాలి. ఇంటివారు, ఇరుగుపొరుగు, కలిసి కూలికి వెళ్లేవారు అందరూ ఆ జాబితాలోకి వస్తారు. ఆరోగ్య కార్యకర్త పక్కింటి గడప తొక్కి మాత్ర చేతిలో పెట్టగానే 'ఎవరికొచ్చిందమ్మా?' అన్న ప్రశ్న ఎదురవుతుంది. పెళ్లీడుకొచ్చిన ఆడపిల్ల ఉన్న ఇల్లయితే రోగి నోరు విప్పడం మరీ కష్టం. పేరు బయటపెట్టకుండా వాడకట్టు మొత్తానికి చర్మ పరీక్ష జరిపి, ఆ తర్వాతే మందు ఇవ్వడం ఒక మార్గం. దానికి మనుషులు, సమయం కావాలి. ఆశా కార్యకర్తల సంచిలో గర్భిణుల నమోదు, టీకాలు, క్షయ, బీపీ లెక్కల నడుమ కుష్ఠుకు మిగిలే సమయం ఎంతో అధికారులకు తెలియనిది కాదు.

చికిత్స పూర్తయినవారి సంగతి మరీ అన్యాయం. మందు ముగియగానే రిజిస్టరులో పేరు కొట్టివేస్తారు. స్పర్శ పోయిన పాదాలు మాత్రం అలాగే ఉంటాయి. ముల్లు గుచ్చుకున్నా తెలియదు, పుండు మానదు. వారికి కావలసింది మెత్తటి అట్టతో చేసిన చెప్పులు, క్రమం తప్పని కట్లు, వేళ్లు వంకరపోయిన చోట శస్త్రచికిత్స.

కుష్ఠు రహిత దేశానికి కేంద్రం పెట్టుకున్న గడువు 2027. స్పర్శ లేని పాలిపోయిన మచ్చ కనిపిస్తే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పరీక్ష, మందులు ఉచితం. మందు మొదలైన కొద్ది రోజులకే రోగి నుంచి ఇతరులకు వ్యాధి సోకే అవకాశం దాదాపు ఉండదు.