పార్శిల్ వచ్చింది, పెట్టుబడి పోయింది



విత్తనంలో కల్తీ ఉంటే దుకాణం ముందు ధర్నా చేస్తాం. తూకంలో తేడా వస్తే కాంటా దగ్గరే నిలదీస్తాం. సెల్‌ఫోన్‌కు వచ్చే రెండు వరుసల మెసేజీతో మోసపోతే మాత్రం నోరు విప్పడం లేదు. ఈ నెల ఆ సంగతే మాట్లాడుకుందాం.

మన సభ్యుడొకరు నాట్లకు ముందు సికింద్రాబాద్ బోయిగూడలో కట్టె డిపోలో పనిచేసే కొడుకు దగ్గరికి వెళ్లారు. మందు కొట్టే పంపుకు బ్యాటరీ కావాలంటే కొడుకు ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టి తండ్రి ఫోన్ నంబరు ఇచ్చాడు. రెండో రోజు మెసేజీ వచ్చింది. మీ పార్శిల్ గోదాముకు చేరింది, చిరునామా సరిగా లేదు, 48 గంటల్లో ఈ లింకులో సరిచేయండి అని దాని సారాంశం. బోయిగూడలో ఎటు చూసినా డిపోలు, గోదాములే. గల్లీలో ఇల్లు దొరకలేదేమో అనుకున్నారాయన. లింకు నొక్కితే ఒక యాప్ దిగింది. మెసేజీలు చదివేందుకు అనుమతి అడిగితే సరేనని నొక్కారు. 25 రూపాయలు కట్టమంటే కార్డు వివరాలు కొట్టారు.

సాయంత్రం చూసుకుంటే ఖాతాలో 9,000 లేవు. కొడుకు కోప్పడతాడని, కోడలి ముందు పరువు పోతుందని రాత్రంతా దాచుకున్నారు. తెల్లారేసరికి ఇంకో 32,000 పోయాయి. ఎరువులకు, నాటు కూలీలకు దాచిన డబ్బది. ఆ మర్నాడే అసలు బ్యాటరీ ఇంటికి వచ్చింది, పైసా అదనంగా అడగకుండా.

మొదటి 9,000 తీసుకుపోయింది మోసగాడు. మిగతా 32,000 పోవడానికి మన సిగ్గు కూడా కారణమే.

ఆయన తెలివితక్కువవాడు కాదు, పార్శిల్ కోసం ఎదురుచూస్తున్నవాడు. అదే మెసేజీ వేలమందికి పోతుంది. అందులో ఎదురుచూసేవాడే దొరుకుతాడు. తపాలా శాఖ పేరుతో తిరిగిన ఇలాంటి మెసేజీ నకిలీదని 2024లోనే కేంద్ర ప్రభుత్వ పీఐబీ నిజనిర్ధారణ విభాగం ప్రకటించింది. చిరునామా సరిచేయమని లింకులు పంపడం తపాలా శాఖ పద్ధతి కాదు.

గుర్తులు తేలికే. గడువు పెట్టి తొందరపెడతాడు. పదో పాతికో అడుగుతాడు. లింకు నొక్కమంటాడు, యాప్ దించుకోమంటాడు. అలాంటి మెసేజీ వస్తే లింకు ముట్టుకోవద్దు. ఆర్డరు పెట్టిన చోటే పార్శిల్ ఎక్కడుందో చూసుకోండి. పోస్టులో రావలసినదైతే మన ఊరి పోస్ట్‌మాన్‌ను అడగండి, లేదా 1800 266 6868కు ఫోన్ చేయండి.

పొరపాటున నొక్కితే వెంటనే ఆ ఫోన్‌కు నెట్ ఆపేయండి. ఇంకో ఫోన్ నుంచి 1930కి, బ్యాంకుకు చెప్పి కార్డు, ఖాతా ఆపించండి. పోయిన డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మారుతూ ఉంటుంది. దొంగ చేతికి నగదుగా అందకముందే ఫిర్యాదు చేరితే దారిలో ఆపే వీలుంటుంది. అందుకే గంట కూడా ఆలస్యం చేయొద్దు.

ఇంకో మాట. 2017 జులైలో రిజర్వు బ్యాంకు వాణిజ్య బ్యాంకులకు, డిసెంబరులో సహకార బ్యాంకులకు ఆదేశాలిచ్చింది. వాటి ప్రకారం, వివరాలు ఇచ్చిన తప్పు మనదే అయినా, బ్యాంకుకు తెలిపిన తర్వాత జరిగే నష్టం బ్యాంకే భరించాలి. కాబట్టి ఫిర్యాదు నంబరు, టైము రాయించుకోండి. "నీదే తప్పు, పో" అంటే ఒంటరిగా తిరిగి రావద్దు. సంఘానికి చెప్పండి, నలుగురం కలిసి వెళ్దాం.

ప్రతి బ్యాంకు బ్రాంచి గోడ మీద 1930 నంబరు తెలుగులో పెద్ద అక్షరాలతో రాయాలని, ఫిర్యాదుకు అదే రోజు రసీదు ఇవ్వాలని డిమాండ్ చేస్తున్నాం. మన వంతుగా ప్రతి గ్రామ శాఖ సమావేశంలో పది నిమిషాలు దీనికి కేటాయిద్దాం. ఎవరికి ఏ మెసేజీ వచ్చిందో అందరి ముందూ చదువుకుందాం. మోసపోయినవారిని చూసి నవ్వొద్దు. వారు దాచుకోకుండా చెప్పుకుంటేనే పక్క రైతు పెట్టుబడి నిలుస్తుంది.